చేపకు రంగు ఎక్కడి నుంచి వస్తది?

బతుకమ్మ పండుగకు గునుగు పూలు తెచ్చి ఏం చేస్తమో మీ అందరికి తెలుసు. తెల్లటి పూలను కట్టలు కట్టి గులాబి రంగు, నీలం రంగు నీళ్లల్ల ముంచుతం. బంతిపూలను మాత్రం ఎవ్వరు ముంచరు. వాటి రంగు వాటికి ఉన్నది. చేపలల్ల గూడ ఈ రెండు రకాలున్నయి. మన బడి అద్దాల తొట్టిల చేపలు వెలిసిపోయినయి, వీటిని తీసేసి దుకాణంల దొరికే గులాబి రంగు చేపలు కొందామని కొందరు అంటున్నరు. అందుకే ఇది రాస్తున్న.

మన తొట్టిల ఉన్నవి సిక్లిడ్ అనే పెద్ద కుటుంబంలోని చేపలు. ఆస్కార్, ఏంజెల్, ఫ్లవర్‌హార్న్ అన్నీ ఈ కుటుంబమే. ఆఫ్రికాలోని మలావి సరస్సు ఒక్కదాంట్లనే ఇవి వందల రకాలున్నయి. మన దేశంలో సొంతంగా పుట్టినవి మాత్రం మూడు రకాలే. అందుల ఒకటి కరిమీన్. దాన్ని 2010లో కేరళ రాష్ట్ర చేపగా ప్రకటించిండ్రు. (మా గోండీలో చేపను మీన్ అంటం. కొర్రమీనులో ఉన్నది గూడ ఆ మాటే. ఎంత దూరం పోయింది చూడండి!)

మన చెరువులల్ల దొరికే జిలేబి చేప గూడ సిక్లిడే. దాని అసలు పేరు తిలాపియా. ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి, మన దేశానికి 1952లో తెచ్చిండ్రు. గుడ్లు పెట్టే కాలంలో మగ జిలేబి నల్లగ అయితది, గొంతు కింద తెల్లగ, రెక్కల అంచులు ఎర్రగ అయితయి. బురదలో గుంట తవ్వి కాపలా ఉంటది. ఇంకో మగదానితోటి కొట్లాడి ఓడిపోయిందంటే కొద్ది సేపట్లనే నలుపు దిగిపోయి బూడిద రంగుకు వస్తది. దాని చర్మం కణాలల్ల నల్లటి రేణువులుంటయి. అవి కణమంతా పరుచుకుంటే చేప నల్లగ కనిపిస్తది, నడుమకు ముద్దగ చేరితే వెలిసినట్టు కనిపిస్తది. భయపడినప్పుడు గూడ చాలా చేపలు ఇట్లనే వెలిసిపోతయి.

ఇగ మన తొట్టి చూడండి. అడుగున తెల్ల రాళ్లు. దాక్కోవడానికి ఒక్క సందు లేదు. ఇంటర్వెల్ కాంగనే అందరం పోయి అద్దం మీద కొడతం. రంగు ఎట్ల ఉంటది?

ఎరుపు, పసుపు రంగుల సంగతి వేరు. అవి తిండి నుంచి వస్తయి. ఊర్ల తిరిగే నాటుకోడి గుడ్డు సొన ముదురు రంగుల ఎందుకుంటది? అది ఆకులు, పురుగులు తింటది కాబట్టి. ఆ రంగు పదార్థాలను కెరోటినాయిడ్లు అంటరు. చేప వాటిని సొంతంగా తయారు చేసుకోలేదు. నాచు తయారు చేస్తది, నాచును చిన్న పురుగులు, రొయ్యలు తింటయి, వాటిని చేప తింటది. తొట్టిల చేపకు ఆ వరుస తెగిపోయింది. డబ్బాలోని పాత గింజలే దిక్కు. ఫారం కోళ్ల దాణాలో గుడ్డు సొన రంగు కోసం బంతిపూల సారం కలుపుతరు. అదే బంతి చేపలకు గూడ పనికొస్తది.

కాని బంతిపూలు ఎన్ని పెట్టినా నీలం రంగు పెరగది. దీపావళికి మా గుస్సాడీలు పెట్టుకునే నెమలి ఈకల టోపీ చూసిండ్రు కదా. ఆ ఈకను మెత్తగ నూరితే నీలం మాయమై గోధుమ రంగు పొడి మిగులుతది. ఈకలో నీలం రంగు పదార్థమే లేదు. లోపలి సన్నటి అమరిక మీద వెలుతురు పడి తిరిగి వచ్చేటప్పుడు నీలంగ కనిపిస్తది. చేప చర్మంలో గూడ చాలా సన్నని మెరిసే పలకలుంటయి, పని అదే. నీలం బాగా కనిపించాలంటే చేప ఆరోగ్యంగ ఉండాలె, నీళ్లు తేటగ ఉండాలె.

తేట నీళ్లు చేపకే ఎక్కువ అవసరం. విక్టోరియా సరస్సులో ఆడ చేపలు మగవాటిని రంగు చూసి గుర్తుపడతయి. నీళ్లు మురికైన చోట రంగు తెలవక రకాలు ఒకదాంట్ల ఒకటి కలిసిపోతున్నయని, రంగులు మందగిస్తున్నయని 1997లో ఓలె సీహాసెన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు రాసిండ్రు.

ఇగ దుకాణంలోని గులాబి చేపలు. కొన్నిటికి సూదితోటి రంగు ఎక్కిస్తరు. సూది పుండ్లకు రోగాలు వచ్చి కొన్ని చచ్చిపోతయి, మిగిలిన వాటికి కొన్ని నెలలకు రంగు పోతది. అవి గునుగు పూలే. ఇంకొన్నిటికి తిండిలో మగ హార్మోను కలుపుతరు. అప్పుడు ఆడవాటికి, పిల్లలకు గూడ మగ రంగు వస్తది. ఆపినంక రంగు దిగిపోతది, వాటికి పిల్లలు గూడ కాకపోవచ్చు. ఇది నాకు అసలే నచ్చలేదు.

మనం చేయగలిగింది ఇది. బంతి రెక్కలను నీడన ఎండబెట్టి పొడి చేయాలె, ఎండలో పెడితే రంగు సారం పోతది. దాన్ని ఎండు రొయ్యల పొడి, తవుడు, పల్లిచెక్కతోటి కలిపి ఉడకబెట్టి, చిన్న ఉండలు చేసి ఆరబెట్టాలె. రెండు నిమిషాలల్ల తినేంతనే వేయాలె, మిగిలితే నీళ్లు పాడైతయి. వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చాలె. నల్లా నీళ్లయితే ఒక రోజు బకెట్‌ల ఉంచి పోయాలె. తెల్ల రాళ్లు తీసి వాగులోని నల్ల రాళ్లు కడిగి పెట్టాలె, సందులు ఉండేటట్టు. రంగు తేలడానికి కొన్ని వారాలు పడతది.

పూలు తెచ్చేవాళ్లు పురుగుమందు కొట్టని ఇంటి పెరడు పూలే తేవాలె. బజారు పూలు వద్దు. బతుకమ్మను పేర్చక ముందే మన పాలు తీసి పక్కకు పెట్టుకుందాం.