కాటా చెప్పని ఎత్తు

అండమాన్‌లోని హాడో జెట్టీలో చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి వచ్చే ఓడలు ఆగుతాయి. అక్కడ దిగిన సరుకు లారీలెక్కి కొండ రోడ్ల మీదుగా ఊళ్లలోకి వెళుతుంది. కొంత సరుకు నాలుగో నంబరు జాతీయ రహదారి మీద డిగ్లీపూర్ దాకా పోతుంది. ఒకే సరుకును ముందు ఓడ మోస్తుంది, తర్వాత లారీ మోస్తుంది. పక్కకు ఒరిగినప్పుడు మాత్రం రెండింటి తీరూ వేరు.

ఓడ ఒరిగితే నీట మునిగిన భాగం ఆకారం మారుతుంది. నీరు పైకి నెట్టే బలం ఒరిగిన వైపుకే జరుగుతుంది. అందుకే కొంత కోణం దాకా, ఎంత ఒరిగితే అంత గట్టిగా అది తిరిగి నిలబడాలని చూస్తుంది. లారీకి ఆ అదృష్టం లేదు. మలుపులో లోపలి వైపు చక్రాలు నేల వదిలిన క్షణంలోనే దాన్ని వెనక్కి లాగే బలం గరిష్ఠంగా ఉంటుంది. ఆపైన ప్రతి డిగ్రీకీ తగ్గుతూనే పోతుంది, అరచేతి మీద నిలబెట్టిన కర్రలాగా. అందుకే వాహన నియంత్రణ రూపకర్తలు బోల్తా పడేదాకా ఎదురు చూడరు. చక్రం లేవడమే వాళ్లకు హద్దు.

ఆ హద్దు ఎక్కడుందో చెప్పే లెక్క చిన్నదే. ఎడమ, కుడి చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించాలి. పక్కకు తోసే త్వరణం గురుత్వ త్వరణంలో అంత వంతుకు చేరితే చక్రం లేస్తుంది. కార్లకు ఈ నిష్పత్తి సుమారు 1.3 నుంచి 1.5 దాకా వస్తుంది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2001 మోడళ్ల నుంచి కార్లకు ఇచ్చే బోల్తా రేటింగుకు ఇదే ఆధారం. ఎత్తుగా నింపిన లారీకి, సస్పెన్షన్ ఒరగడాన్ని, టైర్లు నలగడాన్ని కూడా కలుపుకుంటే, మిగిలేది 0.35 నుంచి 0.4 దాకా మాత్రమే.

ఈ తేడా ఎంత ముఖ్యమో టైరు పట్టుతో పోల్చి చూస్తే తెలుస్తుంది. అదే కొలతలో పొడి రోడ్డు మీద టైరు పట్టు 0.8 దాకా ఉంటుంది. కారు నిష్పత్తి అంతకంటే ఎక్కువ కాబట్టి, వేగం మించితే కారు ముందు జారుతుంది, డ్రైవరుకు హెచ్చరిక అందుతుంది. లారీ జారే లోపే లేస్తుంది. వానకు పట్టు 0.5కు పడిపోయినా ఇదే వరస. తడి రోడ్డు మీద లారీ జారుతుందే తప్ప పడదని అనుకోవడం తప్పు. రెండు రుతుపవనాల వానా కురిసే అండమాన్‌లో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి.

30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తీసుకుందాం. రోడ్డు ఏ వైపుకూ వాలు లేకుండా ఉందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పక్కకు తోసే త్వరణం గురుత్వ త్వరణంలో 0.24 వంతు. 40 కిలోమీటర్లయితే 0.42 వంతు. అంటే 30తో నిశ్చింతగా దాటిన లారీ 40తో పడిపోవచ్చు. త్వరణం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ప్రమాదమంతా ఆ వర్గంలోనే ఉంది.

ఇది నిలకడగా తిరిగే మలుపు లెక్క. అసలు రోడ్డు మీద వాహనం ఊగుతుంది కూడా. స్టీరింగును ఒకవైపు తిప్పి వెంటనే రెండోవైపుకు తిప్పితే, మొదటి ఊపు నుంచి తేరుకునే లోపు రెండో ఊపు తోడవుతుంది. 1997 అక్టోబరులో స్వీడన్ పత్రిక టెక్నికెన్స్ వార్ల్డ్ కోసం రాబర్ట్ కొలిన్ ఇలాంటి పరీక్షే చేస్తుంటే మెర్సిడెస్ ఎ-క్లాస్ కారు బోల్తా పడింది. తర్వాత మెర్సిడెస్ సస్పెన్షన్ మార్చి, ప్రతి ఎ-క్లాస్‌లోనూ ఈఎస్‌పీ, అంటే కారు అదుపు తప్పబోతే చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే వ్యవస్థ, బిగించింది. బాష్‌లో ఆంటన్ వాన్ జాంటెన్ బృందం రూపొందించిన ఈ వ్యవస్థ అంతకు రెండేళ్ల ముందే, 1995లో, మార్కెట్లోకి వచ్చింది.

నియంత్రణ యంత్రానికి చక్రం లేచాక చెబితే లాభం లేదు. అందుకని ఎడమ, కుడి చక్రాల మీది భారంలో తేడాను మొత్తం భారంతో భాగించి చూస్తారు. సున్నా అంటే సమానం, ఒకటి అంటే ఒక వైపు గాల్లో ఉన్నట్టు. దీన్ని నేరుగా కొలవడం ఖరీదు కాబట్టి పక్క త్వరణం, ఊగే వేగం చూసి గణిత నమూనా ద్వారా అంచనా కడతారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో బో-చువాన్ చెన్, హ్వే పెంగ్ ఇంకో అడుగు ముందుకేశారు: ఇప్పుడున్న తీరులోనే వెళితే చక్రం లేవడానికి ఇంకెంత సమయం ఉందో ముందే లెక్కగట్టి, ఆ సమయం తగ్గగానే బ్రేకు వేయించారు.

ఈ లెక్కలన్నిటికీ గరిమనాభి ఎత్తు కావాలి. లారీకి అదే తెలియదు. 15 టన్నుల సిమెంటు బస్తాలు బల్ల మీద మీటరు ఎత్తు కూడా రావు. అంతే బరువున్న కలప దాదాపు రెట్టింపు ఎత్తుకు లేస్తుంది. కాటా మీద రెండూ ఒకటే. మలుపులో మాత్రం ఒకటి కాదు. కొన్ని ట్రైలర్ వ్యవస్థలు దీనికో తెలివైన మార్గం కనిపెట్టాయి. మలుపులో అనుమానం వస్తే బ్రేకును చిన్నగా నొక్కి చూస్తాయి. అంత కొద్ది ఒత్తిడికే లోపలి చక్రం వేగం బాగా పడిపోతే, దాని మీద భారం లేదని అర్థం. వెంటనే అసలు బ్రేకు పడుతుంది.

సగం నిండిన టాంకరుతో ఇంకో చిక్కు: మలుపులో ద్రవం కూడా బయటి వైపుకు నడుస్తుంది, గరిమనాభి దానితోపాటే జరుగుతుంది. ఓడలోని సగం నిండిన తొట్లకూ ఇదే భయం. నావికులు తొట్లను వీలైనంతవరకు పూర్తిగా నింపడమో ఖాళీగా ఉంచడమో చేసేది అందుకే.

నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది వేరే ఉంది. బోల్తాను ఆపడానికి బయటి ముందు చక్రానికి బ్రేకు వేస్తే వాహనం నెమ్మదిస్తుంది, అదే సమయంలో దాని దారి మలుపు బయటికి విచ్చుకుంటుంది. వెడల్పాటి హైవే మీద ఇది ఫరవాలేదు. కొండ రోడ్డు మీద బయట ఉన్నది మెత్తని మట్టి అంచు, కాలువ. పైగా ఒంటరి వాహనాల బోల్తాల్లో సుమారు 95 శాతం చక్రం మట్టిలోనో గట్టుకో తట్టుకుని జరిగేవేనని అమెరికా లెక్కలు. మలుపులోకి వచ్చాక వేసే బ్రేకు కంటే, రాకముందు తగ్గించే వేగం అక్కడ ఎక్కువ పని చేస్తుంది. ఎంత తగ్గించాలో తెలియాలంటే జెట్టీలో ఇచ్చే కాటా చీటీ మీద బరువు పక్కన లోడు ఎత్తు కూడా రాయాలి. దానికి ఒక టేపు చాలు.