చెయ్యెత్తే పూట

2024 ఆగస్టు 8, గురువారం. తెల్లారితే తొలి శ్రావణ శుక్రవారం. ఇళ్లు కడుక్కోవాలి, గడపలకు పసుపు రాసుకోవాలి. ఇంకోపక్క డెల్టా అంతా సార్వా నాట్లు ముమ్మరంగా పడుతున్నాయి, ఒక్క పూట మానితే కూలి పోతుంది. సరిగ్గా ఆ పొద్దుటే రాష్ట్రమంతటా సర్కారు బడుల్లో ఎన్నికలు పెట్టారు. మైకుల్లేవు, జెండాల్లేవు, వేలికి సిరాచుక్క లేదు. ఓటర్లు పిల్లల అమ్మానాన్నలు, నిలబడేదీ వాళ్లే. గెలిచినవాళ్లకు జీతం రాదు. పాఠశాల యాజమాన్య కమిటీ అని కాగితం మీద పేరు. ఊళ్లో మాత్రం పేరెంట్స్ కమిటీ అనే అంటారు, లేదంటే ఉత్త కమిటీ.

కొల్లేటి లంకల్లో ఒక ఎంపీపీ స్కూలు వరండాలో ఆ పూట కూర్చున్నాను. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క బడి తప్పుగా మిగిలిపోతుంది, ఆ తప్పు ఒక్క బడిది కాదు. చాపలు పరిచారు. తరగతికో గుంపుగా కూర్చోబెట్టారు. హెచ్చెమ్ గారు జాబితా చదువుతూ వచ్చినవాళ్లను లెక్కపెట్టుకుంటున్నారు, జనం చాలకపోతే ఎన్నిక వాయిదా పడుతుందన్న గుబులు ఆయన ముఖంలో కనిపిస్తోంది. పిల్లల్ని ఇళ్లకు పరుగెత్తించారు: "మీ అమ్మను రమ్మను, ఒక్క పది నిమిషాలు."

ఒకటో తరగతి అయిపోయింది, రెండో తరగతి అయిపోయింది. హెచ్చెమ్ గారు పేరు చదవడం, చేతులు లేవడం, రాసుకోవడం. నా పక్కనున్న పెద్దాయన చెప్పారు: "రాత్రే అనుకున్నారండి, రామాలయం కాడ."

మూడో తరగతి దగ్గర ఆగింది. తడి జుట్టు ముడేసుకుని వచ్చిన ఒకావిడ చెయ్యెత్తింది. పేరు ఇంకా చదవలేదు కదమ్మా అన్నారు హెచ్చెమ్ గారు. "పేరుకి కాదండి మేస్టారూ, ఒకటి అడుగుదారని. ఆడపిల్లల దొడ్డికి గడియ లేదండి. తలుపు దగ్గరికేస్తే నిలవదు. మా పాప పొద్దున్నించి మంచినీళ్లు తాగకుండా కూచుంటంది."

వరండాలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకో తల్లి, మాదీ అంతేనండి అంది. ఇంకొకామె తలూపింది. అప్పటిదాకా చాప అంచు లాగుతూ కూర్చున్న ఆడవాళ్లంతా తలలెత్తారు. ఎన్నిక అంటే ఇదని నాకు అనిపించింది అప్పుడే. ఆవిడను ఆ తరగతి ముగ్గురిలో ఒకరిగా ఎన్నుకున్నారు. రాత్రి అనుకున్న పేర్లలో ఆవిడ పేరు లేదు.

లంకల కట్టుబాటు

రాత్రే అనుకోవడాన్ని తేలిగ్గా తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పదు. కొల్లేరులో ఊరంతా ఒక మాట మీద నిలబడటం చాలా పాత అలవాటు. చుట్టూ నీళ్లున్నచోట ఒక్కడు బతకలేడు. గట్టు తెగితే అందరూ మట్టి మొయ్యాలి, వరదొస్తే ఉన్న పడవలు అందరివీ కావాలి. 1976లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా మత్స్యకార సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చినప్పటినుంచి ఉమ్మడి చెరువు పాట, ఆ పాట డబ్బులో ఇంటింటికీ వాటా అన్నది ఊళ్ల బతుకులో కలిసిపోయింది. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట ఆ లోపలి చెరువుల గట్లు పేల్చేశారు. అంత దెబ్బ తిన్న జనానికి కట్టుబాటే ఆసరా. అందుకే ఏ ఎన్నికైనా ఏకగ్రీవం చేసుకోవడం వాళ్లకు పరువు.

కాకపోతే రామాలయం అరుగు మీద ఆ రాత్రి కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే. గడియ లేదన్న సంగతి ఆ అరుగు మీదికి ఎలా వస్తుంది? నీళ్లు తాగకుండా కూర్చున్న పాప గురించి పాప తల్లికి తెలుసు, పక్కింటి తల్లికి తెలుసు. వాళ్లు కూర్చోని చోట తేలిన ఏకగ్రీవంలో ఆ పాప ఊసు ఉండదు.

ఈ సంగతి చట్టం రాసినవాళ్లకు తెలిసినట్టే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. మన రాష్ట్ర నిబంధనలు ఇంకో అడుగు ముందుకు వెళ్లాయి. తరగతికి ముగ్గురు, ఆ ముగ్గురిలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు. అంటే ఐదు తరగతుల బడికి పదిహేను మంది, అందులో పది మంది తల్లులు. వెనకబాటుకు గురైన వర్గాలకూ చోటు తప్పనిసరి. ఎన్నికైన తల్లిదండ్రుల్లోంచే చైర్మన్, వైస్ చైర్మన్. హెచ్చెమ్ గారు కన్వీనర్. వార్డు మెంబరు, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం పదవి రీత్యా సభ్యులు. పదవీకాలం రెండేళ్లు, ఆ లెక్కన అప్పుడు గెలిచినవాళ్ల గడువు 2026 ఆగస్టు దాకా.

చేసే పని చిన్నదేమీ కాదు. బడి ఎలా నడుస్తోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, వచ్చిన డబ్బు దేనికి పోయిందో అడగటం. సమగ్ర శిక్ష కింద బడికి ఏటా ఇచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. ముప్పై మంది లోపైతే 10 వేలు, వంద దాకా 25 వేలు, రెండువందల యాభై దాకా 50 వేలు. అందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకే పెట్టాలి. గడియ ధర ఎంతని తిరిగొచ్చేటప్పుడు కైకలూరులో ఒక హార్డ్‌వేర్ షాపులో అడిగాను. వంద రూపాయల లోపే.

పేర్లు మారిన పాతికేళ్లు

ఈ కమిటీలు నిన్నా మొన్నా పుట్టినవి కావు. 1998లో పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్య చట్టం తెచ్చారు, విద్యా కమిటీలు వచ్చాయి. తర్వాత విద్యాహక్కు చట్టం కమిటీలు. 2019లోనూ 2021లోనూ తల్లిదండ్రుల కమిటీలన్న పేరుతో ఎన్నికలు జరిగాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది, మధ్యాహ్న భోజనం పేరు మారినట్టే.

ఈ మొత్తంలో కమిటీకి నిజంగా బరువు తెలిసిన కాలం ఒకటుంది. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు, బడులు బాగుచేసే పథకం. తొలి విడతలో 15,715 బడులు. ఆ పనుల డబ్బు కాంట్రాక్టరు చేతికి కాకుండా కమిటీ చేతుల మీదుగా నడిచింది. సిమెంటు బస్తాలు లెక్కపెట్టిన తల్లులు, ఇసుక ట్రాక్టరు దగ్గర నిలబడ్డ తండ్రులు అప్పుడు కనిపించారు. ఒత్తిళ్లు లేవని అనను. ఎమ్మెల్యే మనుషులు చెప్పిన పేరే చైర్మన్ అయిన చోట్లూ ఉన్నాయి. అయినా డబ్బు కంటికి కనబడినప్పుడు జనం కమిటీకి వచ్చారు, కనబడనప్పుడు రాలేదు. తర్వాత 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు పెట్టారు. బడులు కళకళలాడాయి, ముగ్గులేశారు, భోజనాలు పెట్టారు. అది పండగ. పండగ మంచిదే, కానీ గడియ సంగతి పండగ రోజు తేలదు. నెల నెలా కూర్చుని తీర్మానం పుస్తకం తెరిస్తే తేలుతుంది.

ఏలూరు పేటల్లో, గూడెం మండీల్లో

ఏలూరులో మున్సిపల్ బడుల తల్లుల కష్టం వేరు. లంకల్లో ఊరు ఊరంతా ఒక్కటే, ఇక్కడ ఒకే తరగతి పిల్లల తల్లులకు ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఒకామె నాలుగిళ్లలో పాచి పని చేస్తుంది, ఒకామె తివాచీ మగ్గం మీద కూర్చుంటుంది, ఒకామె షాపులో నిలబడుతుంది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మండీలకు పనికెళ్లే తల్లులకు సరుకు దిగిన వేళే పని వేళ. కొల్లేరు గట్టున రొయ్యల షెడ్లకు వెళ్లేవాళ్లు చీకటితోనే బస్సెక్కుతారు. వీళ్లందరినీ మీటింగుకు పిలిచేది పగటిపూట, పని రోజున. రాలేదని మినిట్స్ బుక్కులో రాస్తారు. చాలాచోట్ల పుస్తకమే ఇంటికి వెళ్లి సంతకం పెట్టించుకొస్తుంది. తల్లులకు పట్టదని అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. సాయంత్రం ఆరున్నరకు ఒక్క మీటింగు పెట్టి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, ఎవరూ పెద్దగా అనుకోనిది. ఇదే ఏలూరులో, ఇదే గూడెంలో అప్పు చేసి కాన్వెంటుకు పంపే తండ్రికి ఈ ఓటు లేదు. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకు 21వ సెక్షన్ వర్తించదు. వేలకు వేలు ఫీజు కట్టినా బడి లెక్క అడిగే హక్కు ఆయనకు రాదు. పైసా కట్టని తల్లికి ఆ హక్కు చట్టం రాసిచ్చింది. బీదవాళ్ల బడి అని తీసిపారేసే చోట ఇంత విలువైనది ఒకటి పడి ఉంది.

భీమవరం, గుడివాడ వైపు నుంచి వెళ్లి అమెరికాలో డాలస్ శివారు ఫ్రిస్కోలోనో, వర్జీనియా ఆష్‌బర్న్‌లోనో స్థిరపడ్డ మనవాళ్లను అడిగితే స్కూల్ బోర్డు ఎన్నికల గురించి చెబుతారు. అక్కడ సుమారు 13 వేల స్కూలు డిస్ట్రిక్టులు. ఎన్నికైన బోర్డు బడ్జెట్ ఖరారు చేస్తుంది, సూపరింటెండెంటును నియమిస్తుంది, చాలాచోట్ల ఇంటి పన్నులో బడి వాటా ఎంతో తేలుస్తుంది. మన కమిటీకి టీచరును నియమించే మాట అటుంచి సెలవు ఇచ్చే అధికారమూ లేదు. కానీ అక్కడ పౌరసత్వం రానివాళ్లకు దాదాపు ఎక్కడా ఓటుండదు. వీసా మీదున్న మన పిల్లల తల్లి ఆ బోర్డు సమావేశానికి వెళ్లి మాట్లాడి రావచ్చు, ఓటు మాత్రం వెయ్యలేదు. లంకలో వేలిముద్ర వేసే తల్లి వెయ్యగలదు.

నీళ్ల మధ్య కిలోమీటరు

2024 ఆగస్టులో కమిటీ ఎన్నికలైన మూడు వారాలకు బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ఆ నీళ్లు చేరేది కొల్లేటికే. సెప్టెంబరు మొదటి వారంలో చినఎడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లెక్కాయి, లంకలకు పడవలే దిక్కయ్యాయి. బడి ఎప్పుడు తెరవాలి, ఏ గట్టు మీద నడవొచ్చు, ఏ పిల్లాడికి పడవ దాటాలంటే భయం, ఇవి జిల్లా ఆఫీసు కాగితంలో ఉండవు. తల్లులకు తెలుసు.

2022లో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్లకు కలిపినప్పుడూ ఇదే గొడవ. మ్యాపు మీద కిలోమీటరు కొల్లేరులో కిలోమీటరు కాదు. మధ్యలో డ్రెయిన్ ఉంటుంది, తాటిదుంగల వంతెన ఉంటుంది, చేపల చెరువు గట్టు మీద ఎదురుగా లారీ వస్తుంది. 2025లో ఆ విధానం వెనక్కి తీసుకుని మోడల్ ప్రైమరీ స్కూళ్ల ఏర్పాటు మొదలైనప్పుడు కమిటీల తీర్మానాలు అడిగారు. కొన్నిచోట్ల మా బడి మాకే ఉండాలని తల్లులు పట్టుబట్టారు. అప్పటిదాకా సంతకానికే అనుకున్న పుస్తకం ఆ వారం ఎంత విలువైందో అందరికీ తెలిసింది. ఆ పుస్తకంలో ఏం రాస్తున్నారో చదివి వినిపించమని అడిగిన తల్లులకు నా నమస్కారం. చదువు రాకపోయినా వినడం వచ్చు. వినిపించాకే సంతకం పెట్టించాలన్న నియమం ఒక్కటి పెట్టినా చాలా మారుతుంది.

ఆ లంక బడికి మళ్లీ సంక్రాంతి దాటాక వెళ్లాను. హెచ్చెమ్ గారు తీర్మానం పుస్తకం తెరిచి చూపించారు. "ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపునకు గడియ వేయించుటకు తీర్మానించడమైనది." కింద సంతకాలు, మూడు వేలిముద్రలు. వెళ్లి చూశాను. గడియ ఉంది, ఇత్తడి రంగుది, కొత్తగా మెరుస్తోంది. వడ్రంగి తన ఎత్తుకు సరిపడా బిగించి వెళ్లాడు. ఒకటో తరగతి పిల్ల ఒకతె లోపలికి వెళ్లి, మునివేళ్ల మీద నిలబడి, అందక, బయట ఉన్న అక్కను పిలిచింది తలుపు పట్టుకోమని.

"చూశానండి," అంది తడి జుట్టు ముడితో ఆ రోజు వచ్చిన తల్లి. ఈసారి చేతిలో చేపల బుట్ట. "శనివారం మీటింగు ఉంది కదండి. కిందికి దింపమని రాయిస్తాను."