కవలల గర్భం

ఒకే గర్భంలో ఏకకాలంలో రెండు పిండాలు పెరగడాన్ని కవలల గర్భం లేదా జంట గర్భం అంటారు. ఇలా పుట్టిన పిల్లలను కవలలు అని, అమడలు అని పిలుస్తారు. ఇది వ్యాధి కాదు. అయితే ఒకే శిశువు ఉన్న గర్భంతో పోల్చినప్పుడు తల్లికి, శిశువులకు కూడా ప్రమాదాలు ఎక్కువ కనుక వైద్యశాస్త్రం దీనిని అధిక ప్రమాద గర్భాలలో ఒకటిగా పరిగణిస్తుంది. 2021లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం ప్రపంచంలో ప్రతి 1000 కాన్పులలో సుమారు 12 కవలల కాన్పులు. ఏటా సుమారు 16 లక్షల జంటలు జన్మిస్తున్నాయి.

కవలలలో రకాలు

కవలలు రెండు రకాలు. రెండు అండాలు రెండు శుక్రకణాలతో వేరువేరుగా ఫలదీకరణ చెందినప్పుడు అసమరూప కవలలు కలుగుతారు. వీరు సాధారణ తోబుట్టువుల వలెనే ఉంటారు. ఒకరు ఆడ, ఒకరు మగ కావచ్చు. ఫలదీకరణ చెందిన ఒకే అండం రెండుగా విడిపోయినప్పుడు సమరూప కవలలు కలుగుతారు. ఆ విభజన ఏ రోజున జరిగినదనే దానిపై గర్భం యొక్క స్వభావం ఆధారపడి ఉంటుంది.

* మొదటి 3 రోజులలో విడిపోతే ఇద్దరికీ వేరువేరు మావి, వేరువేరు ఉమ్మనీటి సంచి ఏర్పడతాయి.
* 4 నుండి 8 రోజుల మధ్య విడిపోతే మావి ఒకటే, ఉమ్మనీటి సంచులు రెండు. సమరూప కవలలలో ఎక్కువ మంది ఈ రకం వారే.
* 8 నుండి 13 రోజుల మధ్య విడిపోతే మావి, ఉమ్మనీటి సంచి కూడా ఒకటే. బొడ్డుతాళ్ళు మెలికపడే ప్రమాదం ఉన్నందున ఇది మిక్కిలి అపాయకరం.
* 13వ రోజు తరువాత విభజన అసంపూర్ణంగా జరిగితే శరీరాలు కలిసి ఉన్న అవిభక్త కవలలు జన్మిస్తారు.

తెలుగువారికి సుపరిచితులైన అవిభక్త కవలలు వీణ, వాణి. పూర్వపు వరంగల్ జిల్లాకు చెందిన కుటుంబంలో 2003లో తలలు కలిసి జన్మించిన వీరు హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలో చాలా సంవత్సరాలు పెరిగారు. 2020లో పదవ తరగతి, 2022లో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులయ్యారు.

కారణాలు

సమరూప కవలలు పుట్టడం ప్రపంచమంతటా దాదాపు ఒకే తీరున, వెయ్యి కాన్పులకు సుమారు నాలుగుగా ఉంటుంది. దీనికి వంశంతో సంబంధం ఉన్నట్లు కనబడదు. అసమరూప కవలల విషయంలో మాత్రం తల్లి వైపు వంశంలో కవలలు ఉండటం, తల్లి వయసు 35 దాటడం, అంతకు ముందు ఎక్కువ కాన్పులు కావడం వంటివి అవకాశాన్ని పెంచుతాయి. సంతానం కొరకు వాడే అండోత్పత్తి మందులు, కృత్రిమ ఫలదీకరణలో ఒకటి కంటే ఎక్కువ పిండాలను గర్భాశయంలో ప్రవేశపెట్టడం ఇటీవలి దశాబ్దాలలో కవలలు పెరగడానికి ప్రధాన కారణాలు. గుంటూరులో 2019 సెప్టెంబరులో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక మహిళ ఈ పద్ధతిలో గర్భం ధరించి, సిజేరియన్ ద్వారా కవల ఆడపిల్లలకు జన్మనిచ్చారు. ఆ కాన్పు వైద్యనీతిపై దేశమంతటా చర్చకు దారి తీసింది. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఇటువంటి చికిత్స పొందే స్త్రీకి 50 సంవత్సరాల గరిష్ఠ వయోపరిమితి విధించింది.

జంట అరటిపండ్లు తింటే కవలలు పుడతారని తెలుగునాట ఒక నమ్మకం ఉంది. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు.

నిర్ధారణ

నెలలకు మించి పొట్ట పెరగడం, వాంతులు అధికంగా కావడం కవలలకు సూచనలు కావచ్చు. నిర్ధారణ మాత్రం అల్ట్రాసౌండ్ స్కానింగ్ ద్వారానే జరుగుతుంది. 11 నుండి 14 వారాల మధ్య చేసే స్కానింగు ఎంతో ముఖ్యమైనది. మావి ఒకటా, రెండా అన్నది ఈ దశలో స్పష్టంగా తెలుస్తుంది. ఆలస్యమైన కొద్దీ చెప్పడం కష్టమవుతుంది. తరువాతి పరీక్షల సంఖ్య దీనినిబట్టే నిర్ణయిస్తారు. మావి రెండైతే సాధారణంగా 4 వారాలకు ఒకసారి, ఒకటే అయితే 16వ వారం నుండి 2 వారాలకు ఒకసారి స్కానింగు అవసరం. గర్భస్థ శిశువుల లింగాన్ని వెల్లడించడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

తల్లికి కలిగే సమస్యలు

* రక్తహీనత: ఇద్దరు శిశువుల పెరుగుదలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఎక్కువ కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణులలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. అటువంటి తల్లికి కవలల కాన్పు మరింత భారం.
* అధిక రక్తపోటు: 20 వారాల తరువాత రక్తపోటు పెరిగి, మూత్రంలో ప్రోటీను పోవచ్చు. నిర్లక్ష్యం చేస్తే మూర్ఛలు (గుర్రపువాతం) వచ్చి ప్రాణాపాయం కలుగుతుంది. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం వాపు దీనికి హెచ్చరికలు.
* గర్భధారణ మధుమేహం.
* కాన్పు తరువాత అధిక రక్తస్రావం: రెండు పిండాలతో విపరీతంగా సాగిన గర్భాశయం ప్రసవానంతరం త్వరగా ముడుచుకోలేదు. కవలల తల్లుల మరణాలకు ఇది ఒక ముఖ్య కారణం.

శిశువులకు కలిగే సమస్యలు

కవలలలో సగానికి పైగా 37 వారాలు నిండక ముందే పుడతారు. నెలలు నిండని శిశువులకు ఊపిరితిత్తులు పరిపక్వం కాకపోవడం, శరీరం చల్లబడటం, పాలు చీకలేకపోవడం, కామెర్లు, సూక్ష్మజీవుల సంక్రమణ వంటి ఇబ్బందులు కలుగుతాయి. ఒక శిశువు సరిగా పెరిగి, రెండవది చిన్నదిగా ఉండిపోవడం కూడా సంభవిస్తుంది.

ఒకే మావిని పంచుకునే కవలలలో 10 నుండి 15 శాతం మందికి రక్తమార్పిడి సమస్య ఏర్పడుతుంది. మావిలో కలిసిన రక్తనాళాల ద్వారా ఒక శిశువు రక్తం మరొక శిశువుకు చేరుతుంది. ఇచ్చే శిశువుకు ఉమ్మనీరు తగ్గిపోతుంది. పుచ్చుకునే శిశువుకు ఉమ్మనీరు పెరిగి, గుండెపై భారం పడుతుంది. చికిత్స లేనిచో ఇద్దరూ మరణించవచ్చు. గర్భాశయంలోకి సన్నని గొట్టాన్ని పంపి, ఆ రక్తనాళాలను లేజరుతో మూసివేయడం దీనికి ముఖ్యమైన చికిత్స. రెండు వారాలకొకసారి స్కానింగు చేయించుకోవలసిన కారణం ఇదే.

ప్రసవం

మావి రెండు ఉన్న కవలలకు 37-38 వారాల మధ్య, మావి ఒకటే ఉన్నవారికి సుమారు 36 వారాలకు, ఉమ్మనీటి సంచి కూడా ఒకటే అయితే 32-34 వారాలకు ప్రసవం చేయడం మేలని వైద్యులు భావిస్తారు. ముందుగానే నొప్పులు వచ్చే సూచన ఉంటే శిశువుల ఊపిరితిత్తులు బలపడటానికి తల్లికి స్టిరాయిడ్ సూదిమందు ఇస్తారు.

కవలలంటే తప్పనిసరిగా సిజేరియన్ చేయాలనే అభిప్రాయం సరైనది కాదు. మొదటి శిశువు తల కిందికి ఉన్నప్పుడు, ముందుగా నిర్ణయించిన సిజేరియన్ వలన శిశువులకు అదనపు మేలు కలగలేదని 2013లో ప్రచురితమైన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన తెలిపింది. అయితే మొదటి శిశువు పుట్టిన తరువాత రెండవ శిశువు అడ్డం తిరగవచ్చు, బొడ్డుతాడు ముందుగా జారవచ్చు. కాబట్టి ఏ పద్ధతిలోనైనా ఆపరేషను థియేటరు, మత్తు వైద్యుడు, రక్తనిధి, నవజాత శిశు చికిత్సా విభాగం ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు జరగాలి.

నవజాత శిశు సంరక్షణ

వెచ్చదనం: తక్కువ బరువు గల శిశువులను తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టడాన్ని కంగారూ పద్ధతి అంటారు. ఇది 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్ల కొరత వలన ఆరంభమైంది. పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకు 8 నుండి 24 గంటలు పాటించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. కవలలైతే ఇద్దరినీ తల్లే ఎత్తుకోవచ్చు. లేదా ఒకరిని తండ్రి గాని, అమ్మమ్మ, నాయనమ్మలు గాని ఎత్తుకోవచ్చు.

తల్లిపాలు: ఇద్దరికి పాలు చాలవనే భయంతో పలువురు డబ్బా పాలు మొదలుపెడతారు. శిశువులు ఎంత చీకితే పాలు అంత ఉత్పత్తి అవుతాయి కనుక ఎక్కువ మంది తల్లులు ఇద్దరికీ పాలివ్వగలరు. ఇద్దరినీ రెండు చంకల కింద పట్టుకొని ఒకేసారి పాలివ్వడం వలన సమయం కలిసివస్తుంది. చీకలేని శిశువుకు పాలు పిండి గిన్నెతోను, చెంచాతోను పట్టాలి. తేనె, పంచదార నీళ్ళు, గాడిద పాలు, ఆముదం పట్టరాదు. పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు, కూరలు తగ్గించడం కూడా హానికరం. ఆమెకు మామూలు కంటే ఎక్కువ ఆహారం కావాలి.

కంటి పరీక్ష: 34 వారాల కంటే ముందు గాని, 2 కిలోల కంటే తక్కువ బరువుతో గాని పుట్టిన శిశువులకు 30 రోజులలోపు రెటీనా పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే శాశ్వత అంధత్వం రావచ్చు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ రంగంలో పేరు పొందింది.

టీకాలు, ఎదుగుదల: టీకాలను పుట్టిన తేదీని బట్టి వేయిస్తారు. కూర్చోవడం, నడవడం వంటివి మాత్రం నెలలు నిండవలసిన తేదీ నుండి లెక్కించాలి.

శిశువు పాలు మానివేసినా, ఒళ్ళు చల్లబడినా, డొక్కలు ఎగరేసినా, అరచేతుల వరకు పసుపు పచ్చబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తల్లి మానసిక ఆరోగ్యం: నిద్రలేమి, రెట్టింపు శ్రమ వలన కవలల తల్లులలో కాన్పు తరువాత మానసిక క్రుంగుబాటు ఎక్కువ. రెండు వారాలు దాటినా దిగులు, ఏడుపు తగ్గకపోతే దానిని వ్యాధిగా గుర్తించి చికిత్స చేయించాలి.

మహేశ్వరం పరిసరాలలో సదుపాయాలు

రంగారెడ్డి జిల్లాలోని మహేశ్వరం, శంషాబాద్ ప్రాంతాల గర్భిణులకు ప్రాథమిక పరీక్షలు, ఐరన్ మాత్రలు స్థానిక ప్రభుత్వ కేంద్రాలలో లభిస్తాయి. మహేశ్వరంలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. క్లిష్టమైన కాన్పులకు హైదరాబాదులోని పేట్లబురుజు, సుల్తాన్ బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు, శిశువులకు 1953లో స్థాపితమైన నీలోఫర్ ఆసుపత్రి పెద్ద దిక్కు. అత్యవసర సమయాలలో 108 అంబులెన్సు సేవ 2005 నుండి అందుబాటులో ఉంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో సిజేరియన్‌తో సహా కాన్పు, మందులు, రక్తం, రవాణా, జబ్బుపడిన శిశువుకు చికిత్స ఉచితం.

ఈ గ్రామాల నుండి నగరంలోని పెద్దాసుపత్రులకు సుమారు 30 కిలోమీటర్లు ప్రయాణించాలి. కవలల కాన్పులో నొప్పులు ముందుగానే మొదలవుతాయి, రక్తస్రావం నిమిషాలలో ప్రాణం మీదికి తెస్తుంది. అందువలన ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, ఎవరు తోడు రావాలి, రక్తం ఎవరివ్వాలి అన్న విషయాలను ఏడవ నెలకే ఆశా కార్యకర్తతోను, వైద్యునితోను మాట్లాడి నిర్ణయించుకోవడం అవసరం.