చార్జింగు ఎక్కని పాత ఫోను: కారణాలు, పరీక్షలు, జాగ్రత్తలు

గల్ఫ్ దేశాల్లోని తెలుగు కుటుంబాల బీరువాల్లో ఒకటో రెండో పాత స్మార్ట్‌ఫోన్లు ఉండడం సర్వసాధారణం. కొత్తది కొన్న తరువాత కూడా పాతదాన్ని పారవేయడానికి మనసు ఒప్పదు. స్వర్గస్థులైన తల్లిదండ్రుల కంఠస్వరం, పిల్లల అన్నప్రాశన నాటి ఛాయాచిత్రాలు, స్వదేశంలోని బ్యాంకు ఖాతాతో ముడిపడిన సిమ్ కార్డు అందులోనే ఉంటాయి. ఇక ఏ నిర్మాణ కార్మికునికో, ఇంటి పనికై గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఏ మహిళకో ఆ పాత ఫోనే ఊరితో మిగిలిన బంధం. మస్కట్‌లో రాత్రి తొమ్మిది గంటలైతే స్వదేశంలో పదిన్నర. ఇంటివారు నిద్రకు ఉపక్రమించే ఆ వేళకు ఫోను చార్జింగు ఎక్కకపోతే కలిగే ఆందోళన ఇంతా అంతా కాదు.

అటువంటి ఫోనును చూచి దాని ఆయువు తీరిందని నిర్ణయించడం తొందరపాటు. లోపం చాలాసార్లు ఫోను వెలుపలనే ఉంటుంది. విద్యుత్తు గోడ నుంచి బయలుదేరి బ్యాటరీని చేరే దారి వెంట ఒక్కొక్క మజిలీని వరుసగా పరీక్షిస్తే కారణం దానంతట అదే బయటపడుతుంది.

గోడ నుంచి తీగ వరకు

ఒమన్‌లో గృహ విద్యుత్తు 240 వోల్టులు, 50 హెర్ట్‌జులు. ప్లగ్గులు మూడు చదునైన పిన్నులు గల బ్రిటిష్ తరహావి. భారతదేశంలోని 230 వోల్టులకూ దీనికీ గల భేదం వలన ఫోనుకు ఇబ్బంది లేదు. చార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేసేటట్లు తయారవుతాయి. చార్జరుపై ముద్రించిన అక్షరాలలో ఈ సంగతి చూచుకోవచ్చు. ఇబ్బంది పిన్నులతోనే. స్వదేశం నుంచి తెచ్చిన రెండు గుండ్రటి పిన్నుల చార్జరును, సాకెట్టు పై రంధ్రంలో పుల్ల గుచ్చి లోపలి మూతలు తెరుచుకొనేటట్లు చేసి దూర్చే అలవాటు కొందరిలో ఉంది. ఇది ప్రమాదకరం. పైగా పిన్నులు గట్టిగా అమరక విద్యుత్తు తెగుతూ కలుస్తూ ఉంటుంది. మంచి అడాప్టరు వాడాలి, లేదా స్థానిక ప్లగ్గు గల చార్జరునే కొనాలి. మొదటి పరీక్షగా అదే సాకెట్టులో మరొక పరికరాన్ని పెట్టి చూడాలి.

రెండవ మజిలీ తీగ. చార్జింగు తీగలు పిన్ను మొదట్లో, మెడ వద్ద పదేపదే వంగి లోపలి సన్నని రాగి పోగులు తెగుతాయి. పైతొడుగు చెక్కుచెదరకపోవడంతో లోపం కంటికి కనిపించదు. కొన్ని పోగులు తెగినా తీగ విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఉదాహరణకు తీగ నిరోధం అర ఓము ఉండి, అందులో 2 ఆంపియర్ల ప్రవాహం ఉంటే, ఓమ్ నియమం ప్రకారం 1 వోల్టు దారిలోనే నష్టమవుతుంది. చార్జరు ఇచ్చిన 5 వోల్టులలో ఫోనుకు అందేది 4 మాత్రమే. నిండిన బ్యాటరీ పీడనమే సుమారు 4.2 వోల్టులు. పల్లం నుంచి మెరకకు నీరు పారనట్లే, అటువంటి తీగతో బ్యాటరీ నిండదు. కనుక సక్రమంగా ఉన్నదని తెలిసిన మరొక తీగతో, మరొక చార్జరుతో విడివిడిగా ప్రయత్నించి చూడాలి.

ధూళి, తేమ

మూడవ మజిలీ ఫోను అడుగున ఉండే చార్జింగు రంధ్రం. 2014లో వెలువడిన యూఎస్‌బీ–సీ ప్రమాణం ప్రకారం సుమారు 8 మిల్లీమీటర్ల వెడల్పు గల ఆ ఇరుకు చోటులో 24 స్పర్శకాలు ఉంటాయి. జేబులోని నూలు పీచు, ఎడారి సన్నధూళి అందులో చేరి, తీగ గుచ్చిన ప్రతిసారీ అడుగుకు దిమ్మిసవుతుంది. పిన్ను చివరి వరకు దిగదు, తాకితే ఊడివస్తుంది. ఫోనును పూర్తిగా ఆపివేసి, కొయ్య పుల్లతోగాని, పొడిగా ఉన్న మెత్తని కుంచెతోగాని ఆ మట్టిని నెమ్మదిగా తీయాలి. గుండుసూది వాడరాదు, స్పర్శకాలు గీరుకుపోతాయి. నోటితో ఊదరాదు, ఊపిరిలోని తేమ లోపలికి చేరుతుంది.

తేమ మరొక శత్రువు. మస్కట్ వేసవిలో ఏసీ కారులోంచి దిగగానే కళ్ళద్దాలపై మంచు పట్టడం అక్కడివారందరికీ అనుభవమే. చల్లని ఫోనుపైనా సముద్రపు గాలిలోని ఆవిరి అదే విధంగా నీరవుతుంది. ఖరీఫ్ కాలంలో సలాలా వెళ్ళే కుటుంబాల ఫోన్లకు అక్కడి తుంపర వలన ఈ బెడద ఎక్కువ. తడి స్పర్శకాలలో విద్యుత్తు ప్రవహిస్తే విద్యుద్విశ్లేషణ జరిగి లోహం తినివేయబడుతుంది. ఉప్పునీరైతే మరీ త్వరగా. అందువలననే కొన్ని ఫోన్లు తేమను పసిగట్టి చార్జింగును తామే నిరాకరిస్తాయి. అటువంటప్పుడు తీగ తీసి, గాలి ఆడేచోట కొన్ని గంటలు ఆరనివ్వాలి. బియ్యంలో పాతిపెట్టడం వలన పిండి, నూకలు రంధ్రంలో చేరడమే మిగులుతుంది.

వేడిమి

ఒమన్‌లో తప్పక అనుమానించవలసిన కారణం వేడిమి. మస్కట్‌కు ఆగ్నేయంగా సముద్రతీరాన ఉన్న ఖురయ్యాత్ పట్టణంలో 2018 జూన్‌లో ఒక రోజంతటిలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రతే 42.6 సెల్సియస్ డిగ్రీలు. అనగా ఆ రోజు తెల్లవారుజామున కూడా వేడి అంతకు తగ్గలేదు. లిథియం అయాన్ బ్యాటరీలను చార్జి చేయడానికి సాధారణంగా అనుమతించే ఉష్ణోగ్రతలు 0 నుంచి 45 డిగ్రీల వరకు. చార్జింగు వలన బ్యాటరీలోనే కొంత వేడి పుడుతుంది కనుక, బయటి గాలి 42 డిగ్రీలుంటే హద్దు దాటడానికి ఎంతో సేపు పట్టదు. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డుపై ఉంచిన ఫోను సంగతి చెప్పనక్కరలేదు.

బ్యాటరీ వద్ద అమర్చిన థర్మిస్టర్ అనే చిన్న పరికరం ఈ వేడిని కనిపెట్టి చార్జింగును నిలిపివేస్తుంది. ఇది లోపం కాదు, ఆత్మరక్షణ. తొడుగు తీసి, నీడలో అరగంట ఉంచి మళ్ళీ ప్రయత్నిస్తే చాలు. త్వరగా చల్లబడుతుందని ఫ్రిజ్‌లో పెడితే వేడి పోయి తేమ వచ్చి చేరుతుంది.

బ్యాటరీ లోపల

లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ సంస్థ తొలిసారి మార్కెట్టుకు తెచ్చింది. దాని రూపకల్పనకు మూలపురుషులైన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. చార్జింగు సమయంలో లిథియం అయాన్లు ధనధ్రువాన్ని వీడి, ఋణధ్రువంలోని గ్రాఫైటు పొరల మధ్యకు చేరుతాయి. వాడుకలో తిరిగి వస్తాయి. ప్రతి రాకపోకలోనూ కొంత లిథియం పక్క రసాయన చర్యలలో చిక్కుకొనిపోతుంది. వేడిలో ఆ చర్యలు వేగం పుంజుకుంటాయి. కనుకనే కొన్ని వందల ఆవృత్తాల తరువాత బ్యాటరీ నిలువశక్తి తరుగుతుంది.

ఏళ్ళ తరబడి సొరుగులో ఉండిపోయిన ఫోనుది వేరొక సమస్య. బ్యాటరీ తనంతట తాను తరిగి, దాని వోల్టేజి మరీ దిగువకు పడిపోతే ఋణధ్రువపు రాగి రేకు కరగడం ఆరంభిస్తుంది. దానిని నివారించడానికి రక్షణ వలయం బ్యాటరీని వేరుచేస్తుంది. అటువంటి ఫోనుకు చార్జరు తగిలించిన వెంటనే తెరపై ఏమీ కనిపించదు. తొలుత అతి స్వల్ప విద్యుత్తు మాత్రమే లోపలికి వెళుతుంది. నమ్మకమైన చార్జరుతో, మనుషుల కంటి ముందే, కనీసం ఒక గంట వేచి చూడాలి. అప్పటికీ చలనం లేకపోతే, చాలా ఫోన్లలో పవర్ మీటను, శబ్దం తగ్గించే మీటను కలిపి పది ఇరవై సెకన్లు నొక్కి ఉంచితే స్తంభించిన ఫోను తిరిగి మొదలవుతుంది. తీగ లేని చార్జింగు సౌకర్యం ఉన్న ఫోను పళ్ళెంపై పెట్టినప్పుడు చార్జింగు ఎక్కితే, లోపం రంధ్రంలోనే ఉన్నదని గ్రహించవచ్చు.

ఇవన్నీ విఫలమైతే రువీ వీధుల్లోని మరమ్మతు దుకాణానికి చేర్చవలసిందే. అయితే ఇక్కడ ఒక ఊరట ఉన్నది. ఛాయాచిత్రాలు, గొంతులు ఉండేది బ్యాటరీలో కాదు, ఫ్లాష్ మెమరీలో. బ్యాటరీ మార్చినంత మాత్రాన అవి చెరిగిపోవు. కానీ ఆధునిక ఫోన్లలో ఆ సమాచారం సంకేతలిపిలో భద్రపరచబడి, ఆ ఫోను సర్క్యూటు పలకతోను, యజమాని రహస్య సంఖ్యతోను ముడిపడి ఉంటుంది. కనుక పాత రహస్య సంఖ్యను ఎక్కడైనా వ్రాసి ఉంచుకోవాలి. మరమ్మతుదారు రీసెట్ చేస్తానంటే సమ్మతించరాదు.

ఉబ్బిన బ్యాటరీ

పై పరీక్షలన్నిటికీ ఒక నిషేధం ఉన్నది. తెర అంచు పైకి లేచినా, వెనుక మూత ఉబ్బినా లోపల వాయువులు పుట్టాయని అర్థం. ఆ ఫోనును చార్జి చేయరాదు, నొక్కరాదు, గుచ్చరాదు. సెలవుల్లో హైదరాబాదుకో విశాఖకో వెళ్ళినప్పుడు చవకగా బాగుచేయించవచ్చునని దానిని పెట్టెలో సర్దడం తగదు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీలను విమానంలో తీసుకువెళ్ళడం నిషిద్ధం. నిపుణుని చేత తీయించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలను స్వీకరించేచోట అప్పగించాలి. ఇంటి చెత్తబుట్టలో వేస్తే చెత్తబండిలో నలిగి నిప్పంటుకొనే ప్రమాదం ఉంది.

మరమ్మతై తిరిగి వెలిగిన ఫోనుతో చేయవలసిన మొదటి పని ఎవరికో ఫోను చేయడం కాదు. అందులోని చిత్రాలను, గొంతులను మరో రెండు చోట్లకు నకలు చేసి, అందులో ఒకటి స్వదేశంలోని కుటుంబసభ్యుల వద్ద ఉంచడం. ఆ తరువాత ఫోనును మళ్ళీ సొరుగులో పెట్టదలచితే సగం వరకు మాత్రమే చార్జి చేసి, చల్లని చోట ఉంచి, ఆరు నెలలకొకసారి తీసి చూస్తూ ఉండాలి.