జాబునకుఁ దాళము

ఒకరి జాబును వేఱొకరు విప్పి చదువుట తప్పని మన పెద్దలు చెప్పుదురు. అంటించిన కవరు చిరిగినచో మనకుఁ దెలియును. కాని ఈ-మెయిలును దారిలో నెవ్వరు చదివినను చిరుగు కనఁబడదు. ఈ కొఱఁతను దీర్చుటకై జర్మనీ దేశస్థుఁడగు వెర్నర్ కోఖ్ 1997లో నొక సాఫ్ట్‌వేరును వ్రాయ నారంభించెను. గ్నూ ప్రైవసీ గార్డు అను పేర దాని 1.0 ప్రతి 1999లో వెలువడెను.

ఇందుఁ బ్రతివారికి రెండు తాళపుచెవులుండును. ఒకటి పదుగురికి నిచ్చునది. దానితో నెవరైనను మనకు వ్రాయు జాబునకుఁ దాళము వేయవచ్చును. రెండవది మన కడనే యుండునది. దానితోఁ దప్ప ఆ తాళము తెఱవరాదు. విశేషమేమనఁగా, ఈ తాళమును జేసిన విధమెల్ల బహిరంగము. ఎవరైనను బరీక్షింపవచ్చును, లోపమున్నఁ జూపవచ్చును, దిద్ది పంపవచ్చును.

అయినను సోదరీమణులారా, ఊరిబావిలో నీళ్లు తోడువారనేకులు. పూడిక తీయువారు కొందఱే. 2013 మొదట కోఖ్ ధనములేమిచే నీ పని విడిచి వేఱుద్యోగము చూచుకొనఁ దలఁచెను. అంతలో అమెరికా ప్రభుత్వపు నిఘాను గూర్చి ఎడ్వర్డ్ స్నోడెన్ తెలిపిన సంగతులు వెల్లడి కాఁగా, ఇది విడుచు వేళ కాదని నిలిచెను. 2015 ఫిబ్రవరిలోఁ బ్రోపబ్లికా పత్రిక ఆయన యిబ్బందిని బ్రకటించిన పిమ్మటఁ జందాలు వెల్లువగా వచ్చెను. ఫేస్‌బుక్, స్ట్రైప్ కంపెనీలు ఏఁటికిఁ జెఱి 50,000 డాలర్లిత్తుమనెను.

ప్రోగ్రాము వ్రాయనేర్చినవారే యిందుఁ దోడ్పడఁగలరని మేమును మొదటఁ దలఁచితిమి. అది పొరపాటు. వాడునపుడు కనఁబడిన తప్పును, ఏమి చేయఁగా వచ్చినదో వివరించి తెలుపుట సేవయే. అర్థముకాని మాట యెక్కడనున్నదో చెప్పుటయు, వాడు విధమును దెలుఁగున వ్రాయుటయు సేవయే. ఆంగ్లము రాని తల్లి, రెండవ తాళపుచెవి నెవరికి నీయవలదను హెచ్చరికను జదువలేక దానినే పంపివేసినచో, తాళమెంత గట్టిదైన నేమి ప్రయోజనము? భద్రతకు భంగము కలిగించు లోపము కనఁబడినయెడల మాత్రము నలుగురిలోఁ జాటక, ముందుగా నిర్వాహకులకే రహస్యముగాఁ దెలుపవలెను. దిద్దుబాటునకు ముందే దొంగకుఁ దెలియరాదు గదా!

చేతనైనవారు కొంచెము ధనమును, తీఱికగలవారు కొంచెము కాలమును నీయవచ్చును. నీళ్లు తోడిన చేతులే పూడికయుఁ దీసిన గాని బావి నిలువదు.