ఇంట్లో పారబోసేదే సీసాలో కొంటున్నామా?



జీవామృతం, కషాయాల గురించి ఇప్పటికే చాలా మాట్లాడుకున్నాం. ఈసారి పొలం గట్టు దిగి వంటింట్లోకి వెళ్దాం. ఎందుకంటే నా పెట్టుబడి తగ్గింది పొలంలో కాదు, వంటింట్లోనే.

ముందు నా తప్పు చెప్తాను. అగ్రికల్చర్ డిప్లొమా చేసి, కొత్తవలస దగ్గర మా భూమిలో ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టిన మొదటి రెండేళ్లు యూరియా మానేశాను గానీ దుకాణం మానలేదు. కాల్షియం అని ఒక సీసా, అమైనో అని ఒకటి, పూత నిలవడానికి ఇంకొకటి. అన్నిటి మీదా 'సేంద్రియ' అని ఉండేది. అన్నీ అరువే. రెండో ఏడు మినుములు కూడా అమ్మేసి ఉగాదికి లెక్క చూస్తే, దుకాణం బాకీ తీరాక మిగిలింది జూన్‌లో పాప స్కూలు ఫీజుకి చాలదని తేలింది. మా ఆవిడ చెవిదిద్దులు తాకట్టుకి వెళ్లాయి.

అప్పుడు మా అమ్మ అడిగింది: "ఒరే నాయనా, ఆ సీసాల్లో ఏటుంటాదిరా?" నేను లేబుల్ చదివి వినిపించాను. ఆవిడ విని, "అందులో సగం మనం దొడ్లో పారబోస్తన్నాం కదరా" అంది.

మన రాష్ట్రంలో 2016లో రైతు సాధికార సంస్థ ఈ పని మొదలుపెట్టినప్పుడు దీనికి 'జీరో బడ్జెట్' ప్రకృతి వ్యవసాయం అనే పేరు. సుభాష్ పాలేకర్ గారి పద్ధతిలో అసలు మాట కూడా అదే: పెట్టుబడి బయట నుంచి కొనకూడదు, ఇంటి దగ్గరా పొలంలోనూ దొరకాలి. నేను ఆ మాట విన్నాను గానీ ఇంటి వైపు చూడలేదు.

ముందు నెల రోజులు రాసి చూడండి

మేం చేసిన మొదటి పని ఒక నోట్‌బుక్ వంటింట్లో వేలాడదీయడం. రోజూ ఏం పారేశామో మా ఆవిడ రాసింది: గంజి, కూరగాయల తొక్కలు, గుడ్డు పెంకులు, పులిసిపోయిన మజ్జిగ, పుచ్చిన పెసలు, మిగిలిన అన్నం, పొయ్యి బూడిద. పక్క పేజీలో నేను దుకాణంలో కొన్నవి రాశాను. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే మా అమ్మ మాట అర్థమైంది.

వాడుకోవడం కంటే వృథా ఆపడం ముందు

చెత్తతో ఎరువు చేయడం మంచిదే. కానీ కిలో వంద రూపాయల పప్పు పుచ్చిపోతే దాన్ని ఎరువు చేయడం ఆదా కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే.

మన ఇళ్లలో ఎక్కువ పోయేది అపరాలే. పెసలు, మినుములకు పట్టే పురుగు గుడ్లు పొలంలో కాయ మీదే పడి, గింజతో పాటు ఇంటికి వస్తాయి. అందుకే కళ్లం నుంచి తెచ్చి నేరుగా గోనెలో పోయకండి. రెండు మూడు రోజులు మంచి ఎండ తగలనివ్వండి. పంటి కింద పెడితే గింజ కటుక్కున విరగాలి, నొక్కుకుపోకూడదు. చల్లారాక గాలి దూరని డబ్బాలో పోసి మూత బిగించండి. విత్తనానికి ఉంచేదైతే జల్లించిన పొడి బూడిద కలిపి ఉంచవచ్చు.

మిగిలిన అన్నానికి మన పెద్దవాళ్లు చద్దన్నం, తరవాణి అని ఎప్పుడో దారి చూపించారు. చోడి అంబలి తాగే ఇంట్లో పొద్దున్న టిఫిన్ ఖర్చు కూడా తగ్గుతుంది.

కుడితి తొట్టి మళ్లీ పెట్టండి

బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తౌడు, కూరగాయల తొక్కలు అన్నీ ఒకప్పుడు కుడితి తొట్టిలోకే వెళ్లేవి. ఇప్పుడు సింకు వచ్చి కాలువలోకి పోతున్నాయి. మేం మళ్లీ తొట్టి పెట్టాం. దాణా బస్తా కొంచెం ఎక్కువ రోజులు వస్తోంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పెళ్లిలో మిగిలిన అన్నం బుట్టెడు తెచ్చి ఆవుకు ఒకేసారి పెట్టకండి. కడుపులో ఆమ్లం పెరిగి పశువు ప్రాణం మీదకు వస్తుంది. రెండోది, తొక్కలతో పాటు పాలిథిన్ కవరు ముక్క కూడా వెళ్లకుండా చూసుకోండి.

పుచ్చిన పప్పు, మగ్గిపోయిన పండు: డ్రమ్ములోకి

ఎకరానికి జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇందులో మనం కొనేది బెల్లం, పిండి మాత్రమే. బెల్లం కిలో 50, పిండి కిలో 80 రూపాయలనుకుంటే డ్రమ్ముకు 260. నాలుగు నెలల వరికి పదిహేను రోజులకోసారి అంటే ఎనిమిది డ్రమ్ములు, 2,080 రూపాయలు.

ఎంత జాగ్రత్తపడ్డా కొంత పప్పు పుచ్చుతుంది. దాన్నీ, చెరిగినప్పుడు వచ్చే నూకనూ మర పట్టించి ఆ పిండే వాడండి. తినలేనంత మగ్గిన అరటి, బొప్పాయి, మామిడి పండ్ల గుజ్జు బెల్లానికి బదులు పనిచేస్తుంది. వీడియోలో నేను కలుపుతున్నది అదే. కుళ్లి వాసన కొట్టే పండు మాత్రం వద్దు.

పులిసిన మజ్జిగ

బీర, బెండ, ఆనప ఆకుల మీద బూడిద తెగులు మొదలైనప్పుడే 10 లీటర్ల ట్యాంకుకు 300 మిల్లీలీటర్ల పుల్లటి మజ్జిగ కలిపి కొట్టండి. ఉప్పు వేయని మజ్జిగే వాడాలి. గుడ్డలో వడకట్టకపోతే నాజిల్ పట్టేస్తుంది. తెగులు తీగంతా పాకాక కొట్టి, పనిచేయలేదని అనకండి.

బూడిద, గుడ్డు పెంకులు

నీళ్లు కాచే పొయ్యి బూడిదను పొద్దున్నే మంచు తడి మీద చిక్కుడు, బెండ మొక్కలకు పలచగా చల్లితే పేనుబంక తగ్గుతుంది. దాన్ని జీవామృతం డ్రమ్ములో గానీ, పచ్చి పేడ వేసే గత్తం కుప్పలో గానీ కలపకండి. బూడిద క్షారం. పేడ, మూత్రంలో ఉన్న నత్రజని అమ్మోనియాగా గాల్లోకి పోతుంది. మా గత్తం కుప్పలో నేనే చాలాకాలం ఈ తప్పు చేశాను.

గుడ్డు పెంకులు ఎండబెట్టి దంచి పాదుల్లో వేయొచ్చు. అందులో కాల్షియం ఉంది గానీ నెమ్మదిగా కరుగుతుంది. ఈ వారం వేసి వచ్చే వారం ఫలితం చూడకండి.

రాలిన కాయ, రాలిన పండు

జూన్, జూలైలో వేప చెట్ల కింద పండ్లు తొక్కుకుంటూ తిరుగుతాం, తర్వాత వేప నూనె కొంటాం. పండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి గోనెసంచిలో పెట్టండి. 5 కిలోల గింజల పప్పు దంచి, గుడ్డలో మూట కట్టి రాత్రంతా నానబెట్టి పిండితే 100 లీటర్ల ద్రావణానికి సరిపోతుంది. సాయంత్రం పూట కొట్టండి. ఏడాది దాటిన గింజలో బలం తగ్గుతుంది.

ఈదురుగాలికి రాలిన మామిడికాయను ఒరుగులు చేసుకుంటే ఏడాదంతా పప్పులోకి చింతపండు ఖర్చు తగ్గుతుంది. మనకు పక్కనే, లక్కవరపుకోట మండలం భీమాళిని చూడండి. రెండు రోజుల్లో పాడైపోయే పండు రసాన్ని తీపి కలిపి చాపల మీద పొరలు పొరలుగా ఎండబెట్టి తాండ్ర చేస్తారు. ఆ ఊరి పేరే ఆ సరుకు పేరైంది.

పాకలో బల్బు

పశువుల పాకలో రాత్రంతా వెలిగే 60 వాట్ల బల్బు, రోజుకు 12 గంటలైతే, నెలకు 21.6 యూనిట్లు తింటుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ అయితే 3.24 యూనిట్లే. ఈ రాత్రే మార్చండి.

చివరి లెక్క

చెవిదిద్దులు ఇంటికి రావడానికి ఇంకో రెండు పంటలు పట్టింది. గుడ్డు పెంకులు దంచి దిద్దులు విడిపించానని చెప్పను. సీసాల అరువు ఆగిపోవడం అందులో పెద్ద భాగం. ఇంట్లో ఏముందో తెలిశాకే ఆ సీసా పక్కన పెట్టే ధైర్యం వచ్చింది. కొన్ని ఇప్పటికీ కొంటున్నాను. జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు వంటింట్లో దొరకవు కదా.

మీరూ ఒక నోట్‌బుక్ వేలాడదీయండి. నెల తర్వాత ఆ రెండు పేజీలూ ఇంట్లో వాళ్లతో కూర్చుని చదవండి. పారేసేవాటి సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలుసు. మా ఇంట్లో తేలని కొత్త విషయం మీ ఇంట్లో తేలితే కింద రాయండి, అందరికీ ఉపయోగపడుతుంది.