పరదేశ విద్యయు, బస చిక్కును

విద్యకొఱకు ఇల్లు విడిచిపోవుట క్రొత్త సంగతి గాదు. కచుడు మృతసంజీవని నేర్వ శుక్రాచార్యుని కడకు బోయినపుడు గురుగృహమే యాతనికి బసయైనది. అద్దె మాట పుట్టలేదు. నేటి ఐరోపాలో పెక్కు పట్టణములందు చదువు దొరకుటకంటె గది దొరకుట కష్టమైయున్నది. ఆ సంగతి సోదరీమణులకు కొంత విన్నవింతుము.

ఒక దేశపు విద్యార్థి కొన్ని నెలలు వేఱొక దేశమున జదివినను ఆ చదువు స్వస్థలమున చెల్లునట్లు 1987లో ఎరాస్మస్ అను పథకము నేర్పఱచిరి. దీనికి మూలము ఒక స్త్రీ యగుట మనకు సంతోషకరము. ఇటలీ దేశస్థురాలగు సోఫియా కొర్రాడీ 1957-58లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున బట్టము గొని రాగా, రోములోని విశ్వవిద్యాలయమువా రా చదువు చెల్లదనిరి. ఆమె యూరకుండలేదు. 1969 మొదలు అధికారుల కీ విషయమును విన్నవించుచునే యుండెను. మొదటి యేట 3,244 మంది యీ పథకమున బయనమైరి. ఆమెను 'ఎరాస్మస్ తల్లి' యని పిలుతురు.

అయితే పథకమువా రిచ్చు ధనము పైఖర్చునకే గాని మొత్తమునకు జాలదు. కావున కలవారి బిడ్డలకే పయనము సులువు. మన యూళ్లలో బీద పిల్లలు వారములు చెప్పుకొని యింటికొక పూట తిని చదివిరి. అట్టి యాసరా పరదేశమున నెవరిత్తురు? ఈ లోపము నెఱిగియే 2021లో మొదలైన విడతలో బీద విద్యార్థులకును, అంగవైకల్యము గలవారికిని నెలకు 250 యూరోలు అదనముగా నిచ్చు నేర్పాటు చేసిరి.

అద్దె చిక్కు మాత్రము తీఱలేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమువారు, బస కుదురనిచో రావలదని పరదేశ విద్యార్థులకు దెలిపిరి. 2023లో మిలాను నగరమున విద్యార్థులు విద్యాలయము ముంగిట గుడారములు వేసికొని నిరసన తెలిపిరి. అది యితర పట్టణములకును బ్రాకెను. పూర్వమే నయమేమో! 1231లో పోపు గ్రెగరీ, ప్యారిస్ పండితులకు బసల యద్దె నిర్ణయించు నధికార మొసగెను. 1257లో రాబర్ట్ ద సోర్బాన్ బీద విద్యార్థులకై వసతి కట్టించెను.

మన తెలుగు ఇండ్లనుండియు బిడ్డలు పెక్కండ్రు జర్మనీకి బోవుచున్నారు. అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కింట చదువునకు ఫీజు లేదని విని తల్లులు నిశ్చింత పడుదురు. కాని వీసాకు, 2024 నాటి లెక్క ప్రకారము, ఏడాదికి 11,904 యూరోలు, అనగా నెలకు 992, బ్యాంకులో ముందే చూపవలెను. మ్యూనిక్ వంటి నగరమున నందు పెద్దపాలు అద్దెకే పోవును. ప్రకటనలలో 'చల్లని అద్దె' యనిన గది మాత్రమే. 'వెచ్చని అద్దె' యనిన గది వెచ్చన చేయుటకును, నీళ్లకును అగు ఖర్చు కూడ చేరినది. ఈ భేద మెఱుగక చల్లని లెక్క జూచి సంతసించిన వారు పిమ్మట నప్పు చేయుదురు. దీనికి దోడు మూడు చల్లని యద్దెలవఱకు బయానా యడుగవచ్చును. విద్యార్థి సేవాసంఘముల హాస్టళ్లు చౌక. కాని వరుస పెద్దది గనుక, ప్రవేశపత్రము రాగానే, వీలైనచో నంతకు ముందే, పేరు వ్రాయింపవలెను. గది జూపక, ఒడంబడిక వ్రాయక ముందుగా బైక మడుగువారికి మాత్రము పంపరాదు.